మానసిక వైద్యశాల నేపథ్య సాహిత్యంలో వ్యక్తిత్వం, అనుసరణ

మానసిక వైద్యశాల నేపథ్యంగా వెలువడిన కథలు, నవలలు, చలనచిత్రాలలో తరచుగా కనిపించే ఇతివృత్తం వ్యక్తిత్వానికీ అనుసరణకూ మధ్య జరిగే సంఘర్షణ. వ్యక్తిత్వమనగా మనిషి తనదైన రీతిలో ఆలోచించి జీవించడం. అనుసరణ అనగా సంఘమో సంస్థో ఏర్పరచిన పద్ధతికి ఒదిగి ఉండడం. "నలుగురితో నారాయణ" అనే తెలుగు నానుడి ఈ రెండవ ధోరణికి చక్కని ఉదాహరణ. ఆరోగ్యవంతుడెవరో, రోగి ఎవరో నిర్ణయించే అధికారం ఎవరిదన్నది ఈ రచనలు లేవనెత్తే ముఖ్యమైన ప్రశ్న. తెలుగులో ఈ నేపథ్యంతో వచ్చిన ప్రసిద్ధ కృతులలో 1960 నాటి "చివరకు మిగిలేది" చలనచిత్రం ఒకటి.

ఇతివృత్త స్వభావం

వైద్యశాలలో భోజనం, నిద్ర, ఔషధం, సంభాషణ అన్నీ నియమిత వేళలకు జరుగుతాయి. రోగి ఆ నియమాలకు లోబడితే కోలుకుంటున్నట్లు, ఎదిరిస్తే వ్యాధి ముదిరినట్లు భావించే ప్రమాదం ఉంది. అందువలన సమాజంలో చెదురుమదురుగా కనిపించే ఒత్తిడి ఇక్కడ నాలుగు గోడల మధ్య స్పష్టమైన రూపం ధరిస్తుంది. రచయితలు ఈ నేపథ్యాన్ని ఎన్నుకోవడానికి ఇదొక కారణం.

సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్మన్ 1961లో ప్రచురించిన "అసైలమ్స్" గ్రంథంలో ఇటువంటి ప్రదేశాలను సంపూర్ణ సంస్థలుగా వర్ణించాడు. మానసిక వైద్యశాలలతోపాటు కారాగారాలు, సైనిక శిబిరాలు, క్షయ చికిత్సాలయాలు కూడా ఈ కోవకు చెందుతాయని ఆయన అభిప్రాయం.

ప్రపంచ సాహిత్యంలో

బ్రెజిల్ రచయిత మషాదో దె అస్సిస్ 1882 నాటి "ది ఏలియనిస్ట్" అనే పెద్ద కథలో ఈ ప్రశ్నను వ్యంగ్యంగా చర్చించాడు. ఒక వైద్యుడు చిన్న చిన్న లోపాలున్న వారందరినీ పిచ్చివారని నిర్ణయించి ఊరిలో అధిక భాగాన్ని ఆసుపత్రిలో బంధిస్తాడు. పిమ్మట ఏ లోపమూ లేకపోవడమే అసహజమని తలచి వారిని విడుదల చేసి, సమతుల్యత గలవారిని బంధిస్తాడు. చివరకు తానే అందులో చేరతాడు.

రష్యన్ రచయిత ఆంటన్ చెకోవ్ 1892లో రాసిన "ఆరవ నంబరు వార్డు"లో డాక్టర్ రాగిన్ తన ఆసుపత్రిలోని అమానుష స్థితిని చూస్తూ ఉదాసీనంగా ఉంటాడు. గ్రోమొవ్ అనే రోగితో సంభాషణలో మాత్రమే అతనికి మేధోపరమైన తృప్తి లభిస్తుంది. రోగితో స్నేహం చేయడమే అతని మతిభ్రమణకు సాక్ష్యంగా ఇతరులు పరిగణిస్తారు. రాగిన్‌ను అదే వార్డులో బంధించగా అక్కడే మరణిస్తాడు.

అమెరికన్ రచయిత కెన్ కీసీ రాత్రివేళ మానసిక వైద్యశాలలో సహాయకుడిగా పనిచేసిన అనుభవంతో 1962లో "వన్ ఫ్లూ ఓవర్ ద కకూస్ నెస్ట్" నవలను వెలువరించాడు. నర్స్ రాచెడ్ క్రమశిక్షణను మెక్‌మర్ఫీ అనే రోగి ఎదిరిస్తాడు. వార్డులో అనేకులు స్వచ్ఛందంగా చేరినవారేనని, తలచుకుంటే వెళ్ళిపోగలరని తెలిసి అతడు నివ్వెరపోతాడు. బయటి లోకపు భయమే వారిని లోపల నిలిపి ఉంచిందన్నది నవలలో ప్రధానాంశం. మెదడుకు శస్త్రచికిత్స జరిపి మెక్‌మర్ఫీని జీవచ్ఛవంగా మారుస్తారు. కథను చెప్పే బ్రామ్డెన్ తప్పించుకొని వెళ్ళిపోతాడు. 1975లో మిలోష్ ఫోర్మన్ దర్శకత్వంలో వచ్చిన చలనచిత్రం 5 ప్రధాన ఆస్కార్ పురస్కారాలు గెలుచుకుంది.

న్యూజిలాండ్ రచయిత్రి జానెట్ ఫ్రేమ్ జీవితంలో ఇది కల్పన కాదు. ఆసుపత్రిలో ఉండగా ఆమెకు మెదడు శస్త్రచికిత్స నిర్ణయమైంది. ఆమె తొలి కథల సంపుటికి సాహిత్య బహుమతి వచ్చిన వార్త తెలియడంతో వైద్యులు దానిని రద్దు చేశారు. ఆసుపత్రుల అనుభవాలను ఆధారం చేసుకొని ఆమె 1961లో "ఫేసెస్ ఇన్ ది వాటర్" అనే నవల ప్రచురించింది.

భారతీయ భాషలలో

ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో రచించిన "టోబా టేక్ సింగ్" 1955లో వెలువడింది. దేశ విభజన అనంతరం భారత, పాకిస్తాన్ ప్రభుత్వాలు మానసిక రోగులను మార్చుకోవాలని నిర్ణయించడం ఇందులోని సన్నివేశం. తన ఊరు ఏ దేశంలో ఉన్నదో తెలియని బిషన్ సింగ్ సరిహద్దు దాటడానికి నిరాకరించి, ఏ దేశానికీ చెందని నేలపై కూలిపోతాడు. పాలకుల నిర్ణయాన్ని అంగీకరించిన వారికంటే అంగీకరించని రోగే వివేకవంతుడిగా కనిపించడం ఈ కథ విశిష్టత.

కీసీ నవల ప్రభావం మలయాళంలో "తాళవట్టం" (1986), తమిళంలో "మనసుక్కుళ్ మత్తాప్పు" (1988), హిందీలో "క్యోం కీ" (2005) చిత్రాలలో కనిపిస్తుంది. వీటిలో ప్రేమకథకు ప్రాధాన్యం పెరిగింది.

తెలుగులో

గుత్తా రామినీడు దర్శకత్వం వహించిన "చివరకు మిగిలేది" (1960)లో సావిత్రి, కాంతారావు, ఎం. ప్రభాకరరెడ్డి నటించారు. బుచ్చిబాబు రచించిన ఇదే పేరు గల నవలకూ ఈ చిత్రానికీ సంబంధం లేదు. అశుతోష్ ముఖోపాధ్యాయ కథ ఆధారంగా అసిత్ సేన్ 1959లో తీసిన బెంగాలీ చిత్రం "దీప్ జ్వేలే జాయ్" దీనికి మూలం. అసిత్ సేన్ ఇదే కథను తరువాత హిందీలో "ఖామోషీ"గా తీశాడు.

మూలకథలో ప్రేమ విఫలమై మతి చెదిరిన రోగికి స్నేహం, ప్రేమ నటించి స్వస్థత కలిగించడం నర్సుకు అప్పగించిన విధి. మనసు ఇవ్వకుండా నటించడమే నియమం. మొదటి రోగి కోలుకొని వెళ్ళిపోతాడు గాని ఆమె మనసు అతనిపై నిలిచిపోతుంది. మరొక రోగికి అదే చికిత్స చేయవలసి వచ్చిన పిమ్మట ఆమె మతి తప్పి, తాను సేవ చేసిన చోటనే రోగిగా చేరుతుంది.

కీసీ నవలలో నర్సు అధికారానికి ప్రతీక. ఈ కథలో నర్సే వ్యవస్థకు బలి అవుతుంది. అక్కడ ఎదిరించినవాడు నశిస్తే, ఇక్కడ ఒదిగిన మనిషి నశిస్తుంది. కర్తవ్యం పేరిట, ముఖ్యంగా స్త్రీలనుండి, సమాజం ఆశించే ఆత్మత్యాగాన్ని ఈ కథ ప్రశ్నిస్తున్నదని చెప్పవచ్చు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలతో సంబంధం

సంఘానికి సర్దుకుపోవడమే ఆరోగ్యమా అన్న ప్రశ్నను తాత్వికంగా చర్చించిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించాడు. తనను జగద్గురువుగా నిలిపిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. భయం, పోలిక, అనుకరణ బుద్ధిని మొద్దుబారుస్తాయని బోధించాడు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాల ఆయన ఆలోచనల ఫలితం. గాఫ్మన్ పేర్కొన్న క్షయ చికిత్సాలయాల కోవకు చెందిన ఆరోగ్యవరం కూడా ఈ పట్టణం చెంతనే ఉంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకు విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల కంటే, హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆసుపత్రి కంటే బెంగుళూరులోని నిమ్హాన్స్ ఎంతో చేరువ. తెలుగుతోపాటు తమిళ, కన్నడ భాషలు వినిపించే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మలయాళ, తమిళ, తెలుగు చిత్రాలలో ఈ ఇతివృత్తం పొందిన మార్పులు తులనాత్మక అధ్యయనానికి అనువైన విషయం.

విమర్శ

ఈ రచనలు విద్యుత్ చికిత్సను కేవలం శిక్షగా చూపి రోగులలో భయం కలిగించాయన్న విమర్శ ఉంది. మత్తుమందు ఇచ్చి నేడు చేసే ఈ చికిత్స తీవ్రమైన విషాద రోగంలో ఉపకరిస్తుంది. ప్రతి రోగినీ తిరుగుబాటుదారుగా చిత్రించడం వలన వ్యాధి కలిగించే నిజమైన బాధ మరుగున పడుతుందన్నది మరొక అభ్యంతరం. అనేక తెలుగు చిత్రాలలో మానసిక రోగులు హాస్యానికి పరిమితమయ్యారు. "ఎర్రగడ్డ" అనే స్థలనామం ఎగతాళి మాటగా వాడుకలోకి వచ్చింది. ఇటువంటి ఎగతాళికి వెరచి వైద్యుని వద్దకు వెళ్ళడానికే సంకోచించేవారు ఉన్నారు.

చట్టం

భారతదేశంలో 1912 నాటి ఉన్మాద చట్టం స్థానంలో 1987లో మానసిక ఆరోగ్య చట్టం, దాని స్థానంలో 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాయి. చివరిది 2018 మే నెలనుండి అమలులో ఉంది. సమాజంలో ప్రబలంగా ఉన్న నైతిక, సాంఘిక, సాంస్కృతిక, రాజకీయ విలువలకు లేదా మత విశ్వాసాలకు అనుగుణంగా లేడన్న కారణంతో ఒక వ్యక్తిని మానసిక రోగిగా నిర్ణయించరాదని దీని 3వ సెక్షన్ చెబుతున్నది. తనకు ఎటువంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసి ఉంచే హక్కు ఈ చట్టం వలన లభించింది. మత్తుమందు లేకుండా విద్యుత్ చికిత్స చేయడం నిషిద్ధం. మనిషి భిన్నంగా ఉండడం వేరు, వ్యాధిగ్రస్తుడు కావడం వేరు అన్న భేదాన్ని ఈ విధంగా చట్టం కూడా గుర్తించింది.