గ్రంథాలయ పన్ను

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటిపన్నుతో కలిపి మునిసిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలసిన సెస్సు ఇది. పన్ను రూపాయికి 8 పైసలు. ఏడాదికి వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం గ్రంథాలయానికి 80 రూపాయలు ఇస్తున్నదన్నమాట. జనం పక్షాన నిలిచినవారే ఈ పన్ను వేయమని ప్రభుత్వం వెంటపడ్డారు.

మొదట్లో అంతా చందాల మీదే నడిచింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. వేటికీ సర్కారు సొమ్ము ఊపిరి పోయలేదు. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు అయ్యంకి వెంకటరమణయ్య వెన్నెముక. ఊరూరా గ్రంథాలయం పెట్టించడంలో ఆయనకు సాటి లేరు. పెట్టినవాటిని నిలబెట్టడమే కష్టమయ్యేది. దాత కన్నుమూసినా, ఉత్సాహవంతుడైన కార్యదర్శి ఊరు విడిచినా తలుపులకు తాళం పడేది. 1935లో కాలువ వెంట పడవలో పుస్తకాలు పంపిన పాతూరి నాగభూషణం వంటివారి దీక్ష ఎంత గొప్పదైనా, ఏటేటా కొత్త పుస్తకాలు కొనడానికి స్థిరమైన రాబడి కావాలి.

అందుకే చట్టం అడిగారు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1930లో కాశీలో నమూనా చట్టాన్ని ముందుంచారు. ఆంధ్ర గ్రంథాలయ సంఘానికి దీర్ఘకాలం సారథ్యం వహించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ కోరికను వదలలేదు. సెస్సుకు చోటిచ్చిన మద్రాసు చట్టం 1948లో, హైదరాబాదు రాష్ట్ర చట్టం 1955లో వచ్చాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు రెండింటికీ వర్తించే ఆంధ్రప్రదేశ్ చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. గాడిచర్ల ఆ ఫిబ్రవరి 29నే కన్నుమూశారు. ఆ నెలరోజుల ఎడం బాధ కలిగించేదే.

పన్ను వచ్చాక పోరాటం తీరు మారింది. ప్రజలు కట్టిన సెస్సును స్థానిక సంస్థలు ఇతర ఖర్చులకు వాడుకుని బకాయి పెట్టడం పాత జబ్బు. ఇది పాఠకుల సొమ్మును దారి మళ్లించడమే. దాని ఫలితం కొత్త పుస్తకాలు లేని అలమరల్లో, చాలని కుర్చీల్లో కనిపిస్తుంది. హైదరాబాదు చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయం వంటి చోట్ల పోటీపరీక్షలకు చదువుకునే నిరుద్యోగులకు ఆ కుర్చీయే ఆసరా. వసూలైన సెస్సును ఎప్పటికప్పుడు గ్రంథాలయ సంస్థలకు జమచేయాలని, బకాయిలు చెల్లించాలని, ఖాళీ ఉద్యోగాలు నింపాలని పాఠకులు, గ్రంథాలయ సంఘాలు, ఉద్యోగులు ఇప్పటికీ అడుగుతున్నారు.