ఉచిత దినపత్రికలు (నగర ప్రయాణికులవి)

మహానగరాల్లో రోజూ రైళ్లు, ట్రాములు, బస్సులు ఎక్కి పనికి వెళ్లేవారికి స్టేషన్ల వద్ద ఉచితంగా అందే దినపత్రికలివి. వీటికి చందాదారులు ఉండరు, విడి ప్రతుల అమ్మకమూ ఉండదు, ఆదాయమంతా ప్రకటనలదే. ఎక్కువ భాగం టాబ్లాయిడ్ సైజులో, సోమవారం నుంచి శుక్రవారం వరకే వెలువడతాయి.

పత్రికను ఉచితంగా పంచడం 19వ శతాబ్దపు జర్మనీలోనే ఉంది. ఇంగ్లండులో 1984లో మొదలైన బర్మింగ్‌హామ్ డైలీ న్యూస్‌ను ఇళ్లకే ఉచితంగా వేసేవారు. అయితే ప్రయాణికుణ్ణే పాఠకుడిగా ఎంచుకుని విజయం సాధించిన మొదటి పెద్ద పత్రిక స్వీడన్‌లో వచ్చింది.

1995 ఫిబ్రవరి 13న స్టాక్‌హోమ్ భూగర్భ రైలు స్టేషన్లలో 'మెట్రో' తొలి సంచిక కనిపించింది. పెలె ఆండెర్సన్, రాబర్ట్ బ్రౌనర్‌యెల్మ్, మోనికా లిండ్‌స్టెట్ దాని స్థాపకులు. యాన్ స్టెన్‌బెక్ ఆధ్వర్యంలోని కినెవిక్ వ్యాపార సమూహం పెట్టుబడి పెట్టింది. తెల్లవారేలోగా పత్రికను ఇంటింటికీ చేర్చడం ఏ యాజమాన్యానికైనా పెద్ద ఖర్చు. మెట్రో ఆ ఖర్చునే తప్పించుకుంది. నగర రవాణా సంస్థ ఎస్‌ఎల్‌తో ఒప్పందం చేసుకుని స్టేషన్లలో స్టాండ్లు పెట్టింది. అందుకు బదులుగా ఆ సంస్థ సమాచారానికి పత్రికలో చోటిచ్చింది. ఇక పాఠకుడే పత్రిక దగ్గరికి నడిచి వచ్చాడు. సిబ్బంది తక్కువ. ఏజెన్సీ వార్తలను కుదించి, దిగాల్సిన స్టేషన్ వచ్చేలోపు చదివేసేలా వేసేవారు. రాజకీయ పక్షం వహించే సంపాదకీయాలు ఉండేవి కావు. అంతవరకు డబ్బిచ్చి పత్రిక కొనని యువతకు, వలస వచ్చినవారికి రోజూ వార్తలు చదివే అలవాటు చేసిన ఘనత ఈ సరళమైన ఏర్పాటుదే.

1997లో ప్రాగ్, 1998లో బుడాపెస్ట్ నగరాలకు మెట్రో చేరింది. అప్పటికి పాత యాజమాన్యాలు మేల్కొన్నాయి. 1999 జూన్ 21న నెదర్లాండ్స్‌లో మెట్రో వెలువడిన రోజునే టెలిగ్రాఫ్ సంస్థ 'స్పిట్స్' అనే సొంత ఉచిత పత్రికను దించింది. నార్వేకు చెందిన షిబ్‌స్టెడ్ అదే ఏడాది జ్యూరిక్, కొలోన్ నగరాల్లో '20 మినిటెన్' ప్రారంభించింది. చదవడానికి ఇరవై నిమిషాలు చాలన్నదే ఆ పేరులోని హామీ. స్విట్జర్లాండ్‌లో అది అత్యధికులు చదివే దినపత్రికగా ఎదిగింది. కొలోన్‌లో మాత్రం స్థానిక దిగ్గజం డ్యూమాంట్, ష్ప్రింగర్ సంస్థలు పోటీగా ఉచిత పత్రికలు పెట్టాయి. 2001లో షిబ్‌స్టెడ్ వెనుదిరగగానే ఆ రెండూ మూతపడ్డాయి. 2002లో పారిస్‌లో అచ్చు కార్మికుల సంఘం ఉచిత పత్రికల కట్టలను వీధుల్లో వెదజల్లి నిరసన తెలిపింది.

లండన్ చరిత్ర విస్తారమైనది. స్వీడన్ సంస్థ రాకముందే అసోసియేటెడ్ న్యూస్‌పేపర్స్ 1999 మార్చిలో అదే 'మెట్రో' పేరుతో సొంత పత్రిక పెట్టి, భూగర్భ రైలు స్టేషన్లలో పంచే హక్కు సంపాదించింది. 2006లో సాయంత్రం వేళకు పోటీ పాకింది. రూపర్ట్ మర్డోక్ సంస్థ 'ద లండన్ పేపర్' తీసుకురాబోతోందని తెలిసి, అసోసియేటెడ్ కొద్ది రోజుల ముందే 'లండన్ లైట్'ను విడుదల చేసింది. స్టేషన్ లోపల చోటు లేనందున రెండు పత్రికల మనుషులూ కాలిబాటల మీద నిలబడి వచ్చేపోయే వారి చేతుల్లో ప్రతులు పెట్టేవారు. వీధుల్లో పేరుకుపోయిన కాగితం గురించి వెస్ట్‌మినిస్టర్ నగరపాలక సంస్థ ఇద్దరినీ నిలదీసింది. ఇరుపక్షాలకూ నష్టమే మిగిల్చిన ఈ పోరు వృథా వ్యయం. 2009 సెప్టెంబరులో లండన్ పేపర్, నవంబరులో లండన్ లైట్ ఆగిపోయాయి. ఆ మధ్య అక్టోబరు 12న, 1827 నాటి ఈవెనింగ్ స్టాండర్డ్ కొత్త యజమాని అలెగ్జాండర్ లెబెదెవ్ హయాంలో ధర ఎత్తివేసి, ప్రతుల సంఖ్యను రెట్టింపుకు మించి పెంచుకుంది.

ఆసియాలో సింగపూర్ (టుడే, 2000), హాంకాంగ్ (మెట్రో, 2002), సియోల్ ముఖ్య కేంద్రాలు. అమెరికాలో ఫిలడెల్ఫియా, బోస్టన్, న్యూయార్క్, వాషింగ్టన్ నగరాల్లో ఇవి నడిచాయి. భారతీయ దినపత్రికలు అచ్చు ఖర్చు కన్నా తక్కువ ధరకే దొరుకుతుండటంతో ఇక్కడ ఈ పద్ధతికి పెద్దగా అవకాశం రాలేదు.

2008 ఆర్థిక మాంద్యం ప్రకటనలను దెబ్బతీసింది. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్ ప్రయాణికుడి చేతిని ఆక్రమించింది. ఆస్ట్రేలియాలో ఎమ్‌ఎక్స్ 2015లో, సింగపూర్ టుడే అచ్చు సంచిక 2017లో, వాషింగ్టన్ పోస్ట్ వారి ఎక్స్‌ప్రెస్ 2019లో ముగిశాయి. స్టాక్‌హోమ్ మెట్రో అచ్చు కూడా 2019లోనే నిలిచిపోయింది. కోవిడ్ కాలంలో స్టేషన్లు ఖాళీ కావడంతో 2020లో డచ్ మెట్రో అచ్చు సంచికను ఆపేశారు. ఈవెనింగ్ స్టాండర్డ్ 2024 సెప్టెంబరులో వారపత్రికగా మారింది. 2018లో అచ్చు ప్రతుల సంఖ్యలో 'ద సన్'ను దాటిన లండన్ మెట్రో ఆ తర్వాత కూడా పనిదినాల్లో ఉచితంగానే వెలువడుతూ వచ్చింది.