సీమకు బోయి వచ్చిన మన కోడి

నేటి ప్రసంగమునకు కోడి యీకల రంగును విషయముగా గైకొంటిని. ముప్పదియేండ్లకు పైగా బాలురకు శబ్దమంజరియు ఛందస్సును చెప్పిన పండితునకు కోళ్ల గొడవ యేల యని మీలో కొందరు నవ్వవచ్చును. నేను కోడిని పెంచినవాడను గాను, పందెమొడ్డినవాడను గాను. అయినను ఈ పక్షి మన గ్రంథములలోను మన పెరళ్లలోను పుట్టి పెరిగి, సముద్రము దాటి, అచ్చట పేరు మార్చుకొని, మరల మన పల్లెలకే చేరినది. ఆ రాకపోకలలో ఎవరెవరి చేతికి చిక్కినదో దాని యీకలను జూచి చెప్పవచ్చును.

క్రీ. శ. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆవు, గుర్రము, ఏనుగు మొదలగువాని లక్షణములతోపాటు కోడి లక్షణములకును ఒక చిన్న అధ్యాయము నిచ్చెను. ఈకలును వ్రేళ్లును వంకరలేక, మొగము, గోళ్లు, జుట్టు రాగివన్నె గలిగి, మేను తెల్లనై, వేకువను చక్కని కంఠముతో కూయు కోడి రాజునకును రాష్ట్రమునకును వృద్ధి నిచ్చునట. పోరునకు మాత్రము వేరు రంగులు చెప్పెను. రేగుపండు చాయ గలది, పలువన్నెలది, తేనెరంగుది, తుమ్మెదరంగుది జయము గూర్చునట. దండి దశకుమారచరితమున ప్రమతి కథయందు కోడిపోరు వచ్చును. అచ్చట నారికేళజాతి, బలాకజాతి యని కోళ్లకు జాతిపేరులే కలవు. ఆ గ్రంథమును 13వ శతాబ్దిని మూలఘటిక కేతన తెనిగించి తిక్కనసోమయాజికి అంకితమొసగెను. ఇక పల్నాటి కోడిపోరు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

గ్రంథములకంటె మన వాడుకభాషయే ఈ విషయమున మిక్కిలి సంపన్నమని నా యభిప్రాయము. నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ. రెక్కలమీదనో వీపుమీదనో పసుపు గలది నెమలి. నలుపు, ఎరుపు, పసుపు కలసినది కౌజు. ఎరుపు బూడిదరంగుతో గలసిన మైల. మెడపై నలుపును తెలుపును సమముగా నున్న పర్ల. మెడ నల్లనైన సవల. ఒక్కొక్క యీకయందే మూడు వన్నెలున్న పూల. ముంగిస జూలువంటి రంగు గలదానికి ముంగిస యనియే పేరు. రెండు కలిసినప్పుడు కాకిడేగ, కాకినెమలి యని సమాసములు చేసిరి. ఏ వ్యాకరణమును చదువకయే చక్కని సమాసములు! చూడుడు, వీనిలో ననేకము రంగుపేరులు గావు. కాకి, డేగ, నెమలి, కౌజు, ముంగిస, ఇవన్నియు పొలమున కంటబడు ప్రాణులు. మనవాడు రంగును వర్ణింపలేదు, పోలిక పట్టినాడు. పోలిక పట్టుటకు చూపు కావలెను.

అయితే ఆ చూపు ఎక్కడికి బోయినది? కుక్కుటశాస్త్రమను పేర జరుగు గ్రంథములలో ఏ వారమున, ఏ నక్షత్రమున, ఏ రంగు కోడి ఏ రంగు కోడిని గెలుచునో పట్టికలు కట్టినారు. పేరులవరకు అది శాస్త్రమే. జయాపజయముల యెడ దానిని శాస్త్రమన నాకు నోరాడదు. రెండు కోళ్లలో ఒకటి గెలువకతప్పదు. కావున ఏ పట్టికయైనను సగము దినములు నిజమగును. జంతుహింసను నివారించుటకు 1960లోను, జూదమును అరికట్టుటకు ఆంధ్రప్రదేశమున 1974లోను చట్టములు వచ్చినవి. వచ్చినను సంక్రాంతికి పందెములు ఆగలేదు. నా విచారము మరియొకటి. ఇంత గొప్ప వర్ణజ్ఞానము నానాటికి జూదరుల సొత్తుగా మిగిలినది. ఏ పుంజు ఏ పెట్టతో గూడిన ఏ రంగు పిల్ల పుట్టునో వ్రాసియుంచినవారు మనలో కానరారు.

ఆ పని సీమవారు చేసిరి, మన కోడితోనే చేసిరి. మన జాతికోడిని అసీలు అందురు. ఇది మనము నిత్యము పలుకు ‘అసలు’ అను మాటకు తోబుట్టువు; రెండును అరబ్బీనుండి వచ్చినవే, మేలైన మూలము గలదని భావము. ఇంగ్లాండునకు నైరృతిమూల కార్న్‌వాల్ అను సీమ కలదు. కుంఫిణీవారి సైన్యమున సేనానియైన సర్ వాల్టర్ రాలీ గిల్బర్టు (1785–1853) ఆ సీమవాడు. 1820 ప్రాంతమున ఆతడు ఎర్ర అసీలును అచ్చటి పోట్లకోడితో గలిపి క్రొత్తజాతిని గట్టెనని ప్రసిద్ధి. బాడ్మిన్ పట్టణమున ఆతనిపేర 144 అడుగుల రాతిస్తంభమున్నది. అది ఆతని యుద్ధములకొరకే గాని కోళ్లకొరకు గాదు! ఈ జాతికి ‘ఇండియన్ గేమ్’ అని పేరు పెట్టిరి. పోరునకు అది కొరగాలేదు. మేను బరువు, నడక మందము. ఇంతలో 1835లో ఆ దేశమున కోడిపందెములను చట్టము నిషేధించెను. ఇక కోళ్ల యందమును ప్రదర్శనశాలలలో పోటీపెట్టుట పెరిగెను.

ఆ యందమెట్టిదో వినుడు. పుంజు మెడయు రొమ్మును పచ్చని నిగనిగలతోడి నలుపు, రెక్కలపై ఎరుపు. మన పెద్దలు చూచిన కాకిడేగ యందురు. పెట్ట వేరు. దాని మేను ఎర్రచందనపు చాయ. ప్రతి యీక యంచునను ఒక నల్లని గీత. దానిలోపల ఈక యాకారమునే యనుసరించి మరియొక నల్లని గీత. ధర్మవరపు పట్టుచీరకు అంచులోపల అంచు నేసినట్లుండును. నలుపు హెచ్చిన గీతలు రెండును అలుకుకొనిపోవును, తగ్గిన తెగిపోవును. చిక్కేమనగా, ఆ గీతలు పుంజు మేన కానరావు, అయినను కూతుళ్లకు అది వానిని పంచి యిచ్చును. కావున పెంపకందారు పుంజు గుణమును దాని కూతుళ్లను జూచి తెలిసికొనవలెను. కొందరు మేలైన పుంజులకొక మందను, మేలైన పెట్టలకొక మందను వేరుగానే పెంచిరి. ఇందు వారమును నక్షత్రమును లేవు. ఏటేట పొదిగించుట, చూచుట, వ్రాసికొనుట, ఏరివేయుట, అంతే.

1902లో విలియం బేట్సన్ అను పండితుడు మెండెలు కనుగొనిన వంశసూత్రములు జంతువులయందును చెల్లునని కోళ్లమీద నిరూపించెను. ఆతడు వాడిన జాతులలో ఈ ఇండియన్ గేమ్ ఒకటి. తెల్ల లెగ్‌హార్నుతో దానిని గలుపగా పిల్లలు మిక్కిలిగా తెల్లనివే పుట్టెను. ఆ తెలుపు నలుపును కప్పును, ఎరుపును అంతగా తాకదు. అదే గుణమువలన నల్లగీత తెల్లగీతగా మారి, ఎర్రనేలపై తెల్లయంచులు గల ‘జూబిలీ’ రకము నిలిచినది.

ఈ జాతిని అమెరికావారు 1893లో తమ పట్టికలోనికి గైకొని, తరువాత ‘ఇండియన్’ అను మాటను తీసివేసి ‘కార్నిష్’ అనిరి. పుట్టినయింటి పేరు పోయినది, మెట్టినయింటి పేరు మిగిలినది. 1948లో అచ్చట ‘రేపటి కోడి’ అను పోటీ జరుగగా, కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాన్‌ట్రెస్ ఎర్ర కార్నిష్‌ను న్యూహాంప్‌షైర్ జాతితో గలిపి గెలిచెను. వెడల్పైన రొమ్ము అందరికి నచ్చినది. రంగు మాత్రము నచ్చలేదు. ఈకలు పీకిన పిమ్మట చర్మములో మిగిలిన నల్లని మొదళ్లు మచ్చలవలె కనబడును. తెల్లకోడికి ఆ బాధ లేదు. అంగడివాని కొరకు తెలుపు గెలిచినది. నూఱేండ్లకు పైగా తీర్చిన గీతలను వ్యాపారము తుడిచివేసినది. నేడు మన సోమందేపల్లి మీదుగా బెంగుళూరు బాటను పోవు బండ్లలో పంజరములనిండ కనబడు తెల్లకోళ్ల రక్తమునను ఆ కార్నిష్ పాలు కలదు. వానికి కాకి, డేగ, నెమలి యను పేళ్లు పెట్టుటకు వీలేది? అన్నియు సేతులే.

పంజరమున చెల్లు తెలుపు పెరటిలో చెల్లదు. వేరుశనగ చేలగట్టున మేయు తెల్లపిల్ల గద్దకు ఆమడదూరమునుండి కనబడును. కౌజుపిల్ల మన్నులో మన్నై యుండును. హైదరాబాదు చెంత రాజేంద్రనగరమున 1988లో వెలసిన కోళ్ల పరిశోధనసంస్థవారు దీని నెఱిగి, పల్లెపెరళ్లకొరకు ‘వనరాజ’ యను పలువన్నెల కోడిని తయారుచేసిరి. దాని పుంజువైపు వంశము ఎర్ర కార్నిష్‌నుండి వచ్చినది. అనగా మన యసీలు మునిమనుమడు సీమలు తిరిగి రంగులతోనే యింటికి వచ్చినాడు. ఆ సంస్థవారే అసీలునుండి ‘వనశ్రీ’ని గూడ తీసిరి. కర్నాలులోని జాతీయసంస్థ అసీలును ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ జాతిగా నమోదు చేసినది.

వనరాజ పెట్ట పెరటిలో ఏడాదికి 100 మొదలు 110 గ్రుడ్ల వరకు పెట్టును. కాని సంకరమగుటచే దాని పిల్లలు తల్లివలె నిలువవు. రంగులు చీలిపోవును, బరువును తగ్గును. అందువలన ప్రతిసారియు పిల్లలను మరల కొనవలసినదే. పైగా ఆ పెట్ట పొదుగుటకు కూర్చుండదు. గ్రుడ్లను నాటుపెట్ట క్రింద నుంచి పొదిగించుకొనువారు కలరు. అట్లు పొదిగిన ఒక గంపలో డేగ, మైల, కౌజు, సేతు అన్నియు కలసి బయటికి వచ్చును. ఏ పుంజునకు ఏ పెట్టకు ఎన్ని యే రంగువి పుట్టినవో గోడమీద బొగ్గుతో గీచి యుంచినను, కార్న్‌వాల్‌వారు మొదట చేసినది అంతకంటె పెద్దపని గాదు.