మానవ వ్యర్థాల పునర్వినియోగం

మానవుల మలమూత్రాలను శుద్ధిచేసి ఎరువుగాను, ఇంధన వాయువుగాను తిరిగి వాడుకోవడాన్ని మానవ వ్యర్థాల పునర్వినియోగం అంటారు. పంట ద్వారా ఆహారంలోకి వచ్చిన నత్రజని, భాస్వరం, పొటాషియం తిరిగి నేలకు చేరడమే దీని ప్రధాన సూత్రం. నత్రజనిలో అధిక భాగం మూత్రంలో ఉంటుంది. రోగకారక క్రిములు ఎక్కువగా మలంలో ఉంటాయి.

నేపథ్యం

పొడి మరుగుదొడ్ల నుండి మలాన్ని చేతులతో ఎత్తి, తలపై మోసే పనిని తరతరాలుగా కొన్ని దళిత కులాలకు అంటగట్టారు. 1993, 2013 సంవత్సరాలలో వచ్చిన చట్టాలు ఈ పనిని నిషేధించాయి. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులలోకి మనుషులను దింపడాన్ని కూడా రెండవ చట్టం నిషేధించింది. కావున పునర్వినియోగ పద్ధతి ఏదైనా, పచ్చి మలాన్ని మనిషి తాకవలసిన అవసరం ఉండరాదు.

రెండు గుంతల మరుగుదొడ్డి

ఈ పద్ధతిలో ఒక గుంత నిండిన తరువాత నీటిని రెండవ గుంతకు మళ్ళిస్తారు. ఐదుగురున్న కుటుంబానికి ఒక్కో గుంత సుమారు మూడేళ్ళు సరిపోయేలా నిర్మిస్తారు. ఈలోగా మొదటి గుంతలోని మలం కుళ్ళి, వాసన లేని పొడి ఎరువుగా మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల ప్రకారం, 20 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వాతావరణంలో, కొత్త మలం కలపకుండా ఏడాదికి పైగా నిల్వ ఉంచాలి. ఏలికపాము గుడ్లు చాలాకాలం బతికి ఉండడం ఇందుకు ఒక కారణం.

సెప్టిక్ ట్యాంకులోని మడ్డి ఇటువంటిది కాదు. అందులో తాజా మలం కూడా ఉంటుంది కాబట్టి నేరుగా పొలాలకు వాడరాదు, శుద్ధి కేంద్రానికి తరలించాలి. అటువంటి కేంద్రం వరంగల్‌లో 2017లో ఏర్పడింది.

ప్రజల భాగస్వామ్యం

గుంతను తెరవడానికి అడ్డువచ్చేది సాంకేతిక లోపం కన్నా ఏవగింపు, కులభావన. ఈ భావనను పోగొట్టడానికి 2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లి గ్రామంలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, ఇతర అధికారులు స్వయంగా గుంతలోకి దిగి ఎరువును తీశారు. గ్రామ కమిటీల ద్వారా పనులు నిర్వహించుకోవడంలో ఈ గ్రామం అంతకు ముందే పేరుపొందింది.

కడప జిల్లాలో అనుకూలత

* జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి నేల నీటిని త్వరగా పీల్చుకోదు. గుంత చుట్టూ ఇసుక, కంకర పొర వేయాలి.
* ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నా నది ఒడ్డున ఉన్నాయి. భూగర్భజలం పైకి ఉన్నచోట గుంతల వలన బావులు కలుషితమయ్యే ప్రమాదం ఉంది. అక్కడ ట్యాంకు, శుద్ధి కేంద్రం పద్ధతి మేలు.
* పులివెందుల ప్రాంతంలో పండే చీనీ (బత్తాయి), అరటి వంటి తోటలకు ఈ ఎరువు అనువైనది, ఎందుకంటే కాయలు నేలను తాకవు. వేరుశనగ, పసుపు, ఆకుకూరలకు వాడకపోవడం మంచిది.