చీటీ మారిన సీసా

మన పల్లె పశువైద్యశాలలో, పొగలు కక్కే ద్రవ నత్రజని డబ్బాలో, మైనస్ 196 డిగ్రీల వద్ద ఆబోతు వీర్యం ఏళ్ళ తరబడి నిలువ ఉంటుంది. ఈ విద్యకు మూలం ఒక పొరపాటు.

మంచులో చల్లబడిన వీర్యకణాలు వెచ్చబడగానే మళ్ళీ కదలడాన్ని 1776లోనే ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పల్లాంజానీ గమనించాడు. అయితే చల్లబరచడం వేరు, గడ్డకట్టించడం వేరు. నీరు మంచు స్ఫటికాలైతే మిగిలిన ద్రవంలో లవణాల గాఢత పెరిగి కణపు పొర దెబ్బతింటుంది.

లండన్‌లోని మిల్‌హిల్‌ పరిశోధనశాలలో పోల్జ్, స్మిత్, పార్క్స్ కోడిపుంజు వీర్యాన్ని ఫ్రక్టోజ్ చక్కెర ద్రావణంలో గడ్డకట్టించబోయి విఫలమయ్యారు. నెలల తరువాత, శీతల గదిలో దాచిన పాత సీసాతో ప్రయత్నిస్తే కణాలు బతికాయి! కొత్తగా కలిపిన చక్కెర ద్రావణం మాత్రం పనిచేయలేదు. సీసాలో మిగిలిన కాస్త ద్రవాన్ని పరీక్ష చేయిస్తే, అందులో చక్కెరే లేదు, ఉన్నది గ్లిసరాల్. చీటీలు తారుమారయ్యాయి! 1949లో ఈ ఫలితం 'నేచర్' పత్రికలో వెలువడింది. 1951లో గడ్డకట్టించిన వీర్యంతో దూడ పుట్టింది.

గ్లిసరాల్ రక్షణ సంపూర్ణం కాదు. కరిగించేసరికి నేటికీ సుమారు సగం కణాలు చలనం కోల్పోతాయి. దున్నపోతు వీర్యం మరింత సున్నితం. ఆ నష్టాన్ని ముందే లెక్కగట్టి ఒక్కో గొట్టంలో సుమారు 2 కోట్ల కణాలు నింపుతారు. డబ్బాలో నత్రజని అడుగంటితే ఆ లెక్కా తప్పుతుంది. గేదె చూడి కట్టదు. మళ్ళీ ఎద కోసం రైతు 21 రోజులు ఎదురుచూడాలి.

అనుకోని ఫలితం ఎవరికైనా ఎదురుకావచ్చు. సీసా అడుగున మిగిలిన ఆ కాస్తను పారబోయకపోవడమే వారి గొప్పతనం.