ప్రార్థన, ఓర్పు, హక్కు: గోదావరి, కొల్లేరు సీమలో మన అనుభవం

ఏలూరు జిల్లా ఏజెన్సీలో గానీ, కొల్లేరు లంకల్లో గానీ, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల కూలి పేటల్లో గానీ ఒక ఇంటికి కష్టం వచ్చిందంటే తరచుగా వినపడే మాట ఒకటుంది. "ప్రభువు చిత్తం, ప్రార్థన చేసుకుందాం" అంటారు. పంట పోయినా, బిడ్డకు జబ్బు చేసినా, ఊరు ఖాళీ చేయమని కాగితం వచ్చినా ఇదే మాట. మనవాళ్లలో ఎంతోమందిని ఈ మాట నిలబెట్టింది. కొన్నిచోట్ల నోరు మూయించింది కూడా. ఈ రెండూ మన చరిత్రలో భాగమే కాబట్టి చదువుకునే యువత, చదువు చెప్పే మేము రెండింటినీ తెలుసుకోవాలి. మనలో చర్చికి వెళ్లేవారున్నారు, గుబ్బల మంగమ్మకు, ముత్యాలమ్మకు మొక్కేవారున్నారు. ఈ వ్యాసం అందరికోసం.

ముందు ఈ ప్రార్థన మన సీమకు ఎలా వచ్చిందో చూద్దాం. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టారు. రాజమండ్రిలో లూథరన్ మిషన్ 1840లలో మొదలై తరువాత డెల్టా ఊళ్లకు విస్తరించింది. చర్చి మిషనరీ సొసైటీ వారు 1841లో మచిలీపట్నంలోను, 1854లో ఏలూరులోను స్థిరపడ్డారు. కోయవారి మధ్య పని మాత్రం 1860ల మొదట్లో దుమ్ముగూడెంలో ఆరంభమైంది. అప్పుడు అక్కడ గోదావరి మీద పడవ ప్రయాణాల కోసం ఆనకట్ట పనులు జరుగుతున్నాయి. ఆ పనులు చూస్తున్న ఇంజనీరు హేగ్ కోయల కోసం మిషన్ కావాలని పట్టుబట్టాడు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ ఏళ్ల తరబడి అక్కడే ఉండి మన భాష నేర్చుకుని, మన ఆచారాల గురించి రాసిపెట్టాడు. పడవల పథకాన్ని 1871లో ప్రభుత్వం వదిలేసింది కానీ మిషన్ నిలిచింది.

డెల్టాలో ఈ మతంలోకి వచ్చినవారిలో ఎక్కువమంది పాలేర్లు, కూలీలు, ఊరి బయట బతికినవాళ్లు. గుడిలోకి రానివ్వని మనిషికి తన ఇంట్లోనే కూర్చుని, తన మాటల్లో, తన బాధ తానే దేవుడికి చెప్పుకునే వీలు దొరికింది. పక్కనే బడి వచ్చింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాసిన తెలుగు కీర్తనలు చదువు రానివాళ్ల నోటికి కూడా వచ్చాయి.

మన గూడేల సంగతి కొంచెం వేరు. కష్టాన్ని పదిమంది కలిసి మోయడం మనకు కొత్త కాదు. కోయల్లో చావు జరిగితే డోలు మోగుతుంది, చుట్టాలంతా వస్తారు, చనిపోయినవారి పేరున రాయి నిలుపుతారు. దుఃఖంలో మనిషిని ఒంటరిగా వదలరు. చర్చిలో మనవాళ్లకు నచ్చింది కూడా ఇదేనని మేము అనుకుంటాం. జ్వరమొచ్చిన ఇంటికి పదిమంది ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు, పాట పాడతారు, జావ కాచి పెడతారు. రోగం ఆ పూటకు తగ్గకపోయినా ఇంటివాళ్లకు ధైర్యం వస్తుంది. ప్రార్థన ఇచ్చే ఓర్పు అంటే ఇదే. దీన్ని ఎవరూ తక్కువ చేయకూడదు.

అయితే ఓర్చుకోవలసినవి ఏవి, ఓర్చుకోకూడనివి ఏవి?

1833లో గోదావరి, గుంటూరు సీమల్లో క్షామం వచ్చి జనం లెక్కకు అందకుండా చనిపోయారు. దాన్ని కర్మ అన్నవారున్నారు, దేవుడి శిక్ష అన్నవారున్నారు. ఆర్థర్ కాటన్ భక్తిగల క్రైస్తవుడే. కానీ నీళ్లు సముద్రంలోకి పోతుంటే జనం ఆకలితో చావడం దేవుడి చిత్తమని అతడు ఊరుకోలేదు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. దాని నీరు డెల్టాకు అందింది, కొండల మీది మనకు అందలేదు. అది వేరే చర్చ. ఇక్కడ చూడవలసింది, భక్తి ఉన్నవాడు కూడా క్షామాన్ని ఒప్పుకోలేదన్నది.

1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది ఒక కారణం. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రార్థన, పని అక్కడ కలిసి నడిచాయి.

మన పెద్దలు కూడా అన్నీ ఓర్చుకోలేదు. కల్లు గీతపై పన్ను, మన్సబుదారు దోపిడీ భరించలేక 1879లో రంపలో పితూరీ లేవదీశారు.

ఇప్పుడు కొల్లేరుకు వద్దాం. తమ్మిలేరు, బుడమేరు పొంగితే లంకలు మునుగుతాయి. నీరు రావడం, పోవడం అక్కడివారికి తరతరాలుగా తెలుసు. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కేవారైనా, లంకలోని చిన్న చర్చిలో ఉపవాస ప్రార్థన చేసేవారైనా వరదను ఓర్చుకుంటారు. కానీ 1999లో +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేయడం మనుషుల నిర్ణయాలు. సరస్సు బతకాలి, నిజమే. పెట్టుబడిదారు చెరువు పోతే ఇంకొకచోట తవ్వుకుంటాడు. వల ఒక్కటే ఆధారమైన వడ్డీ, యానాది కుటుంబం ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న దేవుణ్ణి కాదు, ప్రభుత్వాన్ని అడగాలి.

పోలవరం ముంపు మనకు మరీ దగ్గరిది. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రలో కలిశాయి. ప్రాజెక్టు మొదటి దశకు 41.15 మీటర్ల కాంటూరు, పూర్తి మట్టానికి 45.72 మీటర్లు గీత గీశారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మొదటి దశ గీతకు పైనున్న ఊళ్లూ మునిగాయి. వాన దేవుడిది కావచ్చు, గీత గీసింది మాత్రం మనుషులే. పునరావాస కాలనీలకు వచ్చినవారు చర్చి పాకను, ఇలవేల్పును కూడా తమతో తెచ్చుకున్నారు. పుట్టిన నేల, పూర్వికుల రాళ్లు తెచ్చుకోలేకపోయారు. ఆ దుఃఖానికి ప్రార్థన కావాలి. భూమికి భూమి, అటవీ హక్కుల పట్టా, గ్రామసభ తీర్మానం, వీటికి మాత్రం అర్జీ కావాలి. 1970 నాటి 1/70, 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, 2013 భూసేకరణ చట్టం ఉన్నవి అందుకే.

బైబిలు చదివేవారికి ఒక మాట. గెత్సేమనే తోటలో యేసు కూడా ముందు ఆ బాధ తప్పించమనే అడిగాడు, ఆ తరువాతే లోబడ్డాడు. లూకా సువార్త 18వ అధ్యాయంలో విసుగక ప్రార్థించాలని చెప్పడానికి ఆయన ఎంచుకున్న కథ ఎవరిది? న్యాయం చేయమని అధికారి చుట్టూ తిరిగి తిరిగి, అతడు విసిగిపోయి తీర్పు చెప్పేదాకా వదలని విధవరాలిది. అర్జీ పట్టుకుని ఐ.టి.డి.ఏ. ఆఫీసు మెట్లెక్కే మన అవ్వలు ఆమెకు చుట్టాలే.

అమెరికాలో మాంట్‌గోమరీ నల్లజాతి ప్రజలు 1955–56లో 381 రోజులు సిటీ బస్సులెక్కలేదు. సాయంత్రం చర్చిలో ప్రార్థించేవారు, పొద్దున్నే పనికి నడిచి వెళ్లేవారు. చివరకు కోర్టు తీర్పు వారి పక్షాన వచ్చింది.

బడిలో మనకు రోజూ ఎదురయ్యే విషయం కూడా ఇదే. సికిల్ సెల్ జబ్బు తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వస్తుంది. అది వచ్చిందన్న నిజాన్ని ఓర్చుకోవాలి, అది ఎవరి పాపమూ కాదు. కానీ నొప్పి వచ్చిన బిడ్డను ప్రార్థనతోనే ఉంచి ఆసుపత్రికి తీసుకుపోకపోవడం ఓర్పు కాదు. రక్తపరీక్ష ఉంది, మందు ఉంది, 2023 నుంచి దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ప్రార్థన చేసే అమ్మే బిడ్డను పి.హెచ్.సి.కి తీసుకెళ్లాలి. అలాగే తాగి కొట్టే భర్తను భరించమని ఆడబిడ్డకు చెప్పడం ఏ దేవుడి చిత్తమూ కాదు. దానికి 2005లోనే చట్టం వచ్చింది.

తోటి ఉపాధ్యాయులు ఈ చరిత్రను పిల్లలతో చర్చించాలని మా కోరిక. కష్టం వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవడం నేర్పుదాం. ఇది మనిషి చేతిలో లేనిదా, లేక ఎవరో ఒక మనిషి సంతకంతో వచ్చినదా? మొదటిదైతే కలిసి ఏడుద్దాం, మొక్కుకుందాం, ఒకరినొకరం పట్టుకుని నిలబడదాం. రెండవదైతే మొక్కు మొక్కుకున్నాక, కాగితం కలం తీసి గ్రామసభకు పోదాం.