అకాల హిమపాతం (కశ్మీర్ లోయ)

శీతకాలం స్థిరపడకముందే, చెట్ల ఆకులు రాలకముందే, పంట ఇల్లు చేరకముందే కురిసే మంచును అకాల హిమపాతం అంటారు. ‘అకాల వర్షం’ అన్న మాట తెలుగు రైతుకు కొత్త కాదు. జూలైలో నారుమడి మీద పడితే వరమైన వాన, నవంబరులో కోసి పరిచిన వరి పనల మీద పడితే ఏడాది కష్టాన్ని మొలకెత్తించి పాడుచేస్తుంది. వాన ఒకటే, మారింది రోజు. మంచు విషయంలోనూ అంతే. కానీ హిమపాత నష్టాన్ని ఎన్ని అంగుళాలు కురిసిందన్న లెక్కతో కొలిచే అలవాటు బలంగా ఉంది. మందానికి ప్రాధాన్యం లేదని కాదు. అయితే కశ్మీర్‌లో వెంటవెంటనే వచ్చిన రెండు నవంబర్లను పరిశీలిస్తే, జనజీవనాన్ని కుదేలు చేసేది మందం కన్నా తేదీయే అని తేలుతుంది.

కశ్మీరీలకు మంచు శత్రువు కాదు. తొలి మంచు పడితే ‘షీన్ ముబారక్’ అని శుభాకాంక్షలు చెప్పుకుంటారు. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల తీవ్ర చలికి చిల్లయ్ కలాన్ అని పేరు. దాని తర్వాత ఇరవై రోజుల చిల్లయ్ ఖుర్ద్, పది రోజుల చిల్లయ్ బచ్చా వస్తాయి. చిల్లయ్ కలాన్‌లో పడిన మంచు గట్టిపడి కొండల మీద నిలుస్తుంది. వేసవిలో జీలం నదికి, వరి మళ్ళకు నీరు అదే. ఆ నలభై రోజులు పొడిగా గడిస్తే జనం కలవరపడతారు. అలాంటి చోట 2018 నవంబరు 3న, 2019 నవంబరు 7న కురిసిన మంచు విపత్తుగా మారింది. మధ్యధరా ప్రాంతం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులే రెండింటికీ కారణం. నడిశీతకాలంలో లోయకు మంచునిచ్చేవీ అవే. నవంబరు మొదటి వారంలో మైదానంలో ఇలా మంచు పడడం 2009 తర్వాత 2018లోనే.

నష్టం తీరు అర్థం కావాలంటే యాపిల్ చెట్టును చూడాలి. మన దేశంలో పండే యాపిల్‌లో 70 శాతానికి పైగా జమ్మూ కశ్మీర్‌దే. షోపియాన్, పుల్వామా, కుల్గామ్, బారాముల్లా జిల్లాల్లో లక్షల కుటుంబాలకు ఇదే ఆధారం. జనవరిలో ఈ చెట్టు మోడుగా ఉంటుంది. మంచు కొమ్మల సందుల్లోంచి నేల మీదికి జారిపోతుంది. నవంబరు తొలివారంలో మాత్రం ఆకు ఇంకా కొమ్మనే ఉంటుంది, ఆలస్యంగా కోసే రకాల కాయ కూడా ఉంటుంది. పైగా అప్పటి గాలి సున్నా డిగ్రీలకు అటూ ఇటూగా ఉండడంతో పడేది తడిమంచు. పొడిమంచు ఘనమీటరుకు సుమారు 50 నుంచి 100 కిలోలు తూగితే, తడిమంచు 200 కిలోలు దాటుతుంది. అది ఆకుకు అంటుకుని వదలదు. స్థూలంగా లెక్క వేద్దాం. అయిదు మీటర్ల వెడల్పున గొడుగులా పరుచుకున్న చెట్టు విస్తీర్ణం దాదాపు ఇరవై చదరపు మీటర్లు. దాని మీద ఒక అడుగు తడిమంచు పడి, అందులో సగమే నిలిచిందనుకున్నా ఆరు వందల కిలోల బరువు. కాయ మోస్తున్న కొమ్మ మీద అంత భారం పడితే కొమ్మ విరగడంతో ఆగదు, మాను పంగ దగ్గర నిలువునా చీలిపోతుంది. చీలిన మానులకు రైతులు బోల్టులు బిగించి, తాళ్ళతో కట్టి బతికించుకోవాలని చూశారు. అలా కట్టిన చెట్లు నిలదొక్కుకునేలోగానే మరుసటి నవంబరు మంచు వచ్చింది.

ఇళ్ళకు జరిగిన చేటుకూ మూలం ఇదే. ఆకులున్న పోప్లార్, చినార్ కొమ్మలు తీగల మీద కూలి లోయలో చాలా భాగం చీకట్లో మునిగింది. చలికి ఫెరన్ అనే పొడుగాటి అంగీ లోపల పట్టుకునే నిప్పుకుంపటి కాంగ్రీలో వేసే బొగ్గు సంగతి చూడండి. శరదృతువులో రాలిన చినార్ ఆకులను ఊడ్చి, కాల్చి దాన్ని తయారుచేస్తారు. ఆకు రాలకముందే మంచు పడితే ఏడాది బొగ్గుకు గండి పడినట్టే. చలికాలం కోసం కూరగాయలను ఎండబెట్టి దాచుకోవడం, పై అంతస్తులో గడ్డి నింపుకోవడం, రాజ్‌దాన్ కనుమ మూసుకుపోకముందే గురేజ్ లోయవాసులు నెలలకు సరిపడా సరుకులు చేర్చుకోవడం, అన్నీ ఒక తేదీని నమ్ముకుని సాగే పనులు. రోడ్డు మీదా ఇంతే. షోపియాన్ నుంచి పూంఛ్ వెళ్ళే మొఘల్ రోడ్డు, జమ్మూ-శ్రీనగర్ రహదారి రెండూ మూతపడ్డాయి. నవంబరు కనుక ఆ దారుల నిండా యాపిల్ లారీలే. ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది శ్రీనగర్‌లోనే. ఆ దారిలోని రాంబన్ దగ్గర లారీ నిలిచిపోతే మన పండ్ల మార్కెట్లలో పెట్టె ధరకూ సెగ తగులుతుంది.

దీనికొక అభ్యంతరం ఉంది. తప్పు తేదీది కాదు, బలహీనమైన స్తంభాలది, చాలని యంత్రాలది, సంపన్న దేశంలో ఇలా జరగదు అంటారు. అమెరికాలోని బఫెలో నగరం దీనికి జవాబు. భారీ మంచుకు పేరుపడ్డ ఆ ఊరికి యంత్రాల కొరత లేదు. అయినా 2006 అక్టోబరు 12, 13 తేదీల్లో 22.6 అంగుళాల తడిమంచు ఆకులున్న చెట్ల మీద పడితే దాదాపు నాలుగు లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. అదే ప్రాంతపు దక్షిణ శివార్లలో 2014 నవంబరు మూడోవారంలో అయిదడుగులకు మించి కురిసింది. మనుషులు చనిపోయారు, పైకప్పులు కూలాయి, రహదారి మూతపడింది. కానీ ఆకులు రాలిపోయి ఉండడంతో విద్యుత్ తీగలకు 2006 నాటి వినాశం తప్పింది. ఒకే ప్రాంతం, ఎక్కువ మంచు, అయినా తీగలకు తక్కువ దెబ్బ. మందం వాదానికి ఇంతకన్నా గట్టి ఖండన నాకు కనబడదు. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న న్యూజెర్సీ, కనెక్టికట్ రాష్ట్రాలు 2011 అక్టోబరు చివర ఇదే చవిచూశాయి. ఆ ఈశాన్య తుఫానులో ముప్ఫై లక్షలకు పైగా కనెక్షన్లు ఆగిపోయాయి. అంటే మంచి స్తంభాలు అక్కర్లేదని కాదు. అవి ఉన్నా తేదీ దెబ్బ తప్పలేదన్నదే విషయం.

రైతులు ముందే కోసుకోవాల్సింది అనేది రెండో అభ్యంతరం. ఇందులో న్యాయం తక్కువ. రంగు, తీపి పట్టకముందు కోసిన కాయకు మండీలో ధర రాదు. తొమ్మిదేళ్ళపాటు నవంబరు తొలివారం మంచు లేకుండా గడిచినప్పుడు మరో వారం ఆగడం అజాగ్రత్త కాదు. 2019లో కోయాలా, ఆగాలా అన్న నిర్ణయం కూడా చాలామంది చేతిలో లేదు. జమ్మూ కశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తి రద్దయిన ఆగస్టు 5 తర్వాతి ఆంక్షల్లో ఫోన్లు మూగబోయాయి, పోస్ట్‌పెయిడ్ మొబైళ్ళు పలికింది అక్టోబరు 14న. కూలీలు, లారీలు, కొనుగోలుదారులు దొరక్క కోత వెనకబడి, కాయ చెట్టు మీదే మిగిలిపోయింది.

పరిహారం లెక్కల్లో ఈ అవగాహన కనిపించదు, అది అన్యాయమే. అప్పటి విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పంట 33 శాతం లేదా అంతకు మించి పోతేనే సాయం. బహువార్షిక పంటలకు హెక్టారుకు 18,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఈ లెక్క ఆ ఏటి పంటను చూస్తుంది. చీలిపోయింది పంట కాదు, చెట్టు. పాత పద్ధతి యాపిల్ మొక్క కాపుకు రావడానికే ఏడెనిమిదేళ్ళు పడుతుంది, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. పరిహారం లెక్కలోకి రావలసింది ఆ ఏళ్ళు.

ఇప్పుడు లోయలో తీగల ఆసరాతో పెంచే పొట్టి చెట్ల సాంద్ర తోటలు విస్తరిస్తున్నాయి. రెండు మూడేళ్ళకే కాపు మొదలవుతుంది కాబట్టి చెట్టు పోయినా తేరుకోవడం తొందరగా జరుగుతుంది. అయితే వడగళ్ళ నుంచి కాయను కాపాడేందుకు వాటి మీద పరిచే వలలను మంచుకు ముందే చుట్టేయాలి. లేకపోతే వల మీద పేరుకున్న మంచు బరువుకు స్తంభాలతో సహా తోట కూలుతుంది. ఆ వల చుట్టాల్సిన రోజు కూడా కాయ ఇంకా కొమ్మ మీద ఉన్న అక్టోబరులోనే వస్తోంది.